ఒకే రోజులో మూడు శిఖరాలు: కొండ నడకకు ప్లాన్ వేసుకోవడం ఎలా

మూడు శిఖరాల నడకకు మ్యాప్ తెరవగానే కళ్ళు ముందు పడేది అన్నిటికన్నా ఎత్తైన శిఖరం పక్కనున్న అంకె మీద. ఆ అంకె సగమే చెబుతుంది. బయల్దేరే చోటు 300 మీటర్ల ఎత్తులో ఉంది, శిఖరాలు వరసగా 820, 910, 870 మీటర్లు అనుకుందాం. 910లోంచి 300 తీసేసి ‘ఆరువందల మీటర్లేగా’ అనుకుంటాం. కానీ ఒకటో శిఖరం నుంచి 560 మీటర్ల పల్లానికి, రెండో శిఖరం నుంచి 480 మీటర్ల పల్లానికి దిగిపోవాలి. దిగిన ప్రతి మీటరూ మళ్ళీ ఎక్కాల్సిందే. 300 నుంచి 820కి 520, 560 నుంచి 910కి 350, 480 నుంచి 870కి 390. మొత్తం 1,260 మీటర్లు. అనుకున్నదానికి రెట్టింపు పైనే. మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తారు కాబట్టి దిగేదీ అంతే.

రెండు శిఖరాల మధ్య ఉండే ఆ పల్లాన్ని ఇక్కడ కనుమ అందాం. ఇలాంటి నడకకు ప్లాన్ వేసేటప్పుడు శిఖరాల కన్నా కనుమల గురించే ఎక్కువ ఆలోచించాలి. నీళ్ళ లెక్క, వెనుదిరిగే దారి, ముందుకు వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం, అన్నీ అక్కడే తేలతాయి.

మ్యాప్ మీద కూర్చోవడం

1:50,000 స్కేలు మ్యాప్‌లో 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. 1:25,000లో 4 సెంటీమీటర్లు. దొరికితే రెండోదే తీసుకోండి. దారి మెలికల వెంట దారం పరిచి, దాన్ని సాగదీసి స్కేలుతో కొలవండి. వచ్చినదానికి పది శాతం కలపండి, ఎందుకంటే కొండవాలు మీద బాట వేసే చిన్న చిన్న మెలికలు మ్యాప్ గీతలో ఉండవు.

తర్వాత కంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ మ్యాప్‌లో గీసిన గీతలు, చదవండి. గీతలు V ఆకారంలో వంగి, దాని మొన ఎత్తు వైపు చూస్తుంటే అది లోయ, వాగు. మొన పల్లం వైపు చూస్తుంటే అది రిడ్జ్, అంటే కొండ వెన్ను. ఇసుక గడియారంలా రెండు వైపులా ఎత్తు గీతలు, మధ్యలో నడుము సన్నగా కనిపిస్తే కనుమ. 1:50,000 మ్యాప్‌లో 20 మీటర్ల అంతరంతో గీతలుంటే, పక్కపక్క గీతల మధ్య ఎడం 2 మిల్లీమీటర్లకు తగ్గిన చోట వాలు దాదాపు 12 డిగ్రీలు దాటినట్టు. అక్కడి నుంచి దిగేటప్పుడు కూడా వేగం తగ్గుతుంది. ఎడం ముప్పావు మిల్లీమీటరుకు వచ్చిందంటే దాదాపు 30 డిగ్రీలు. అక్కడ చేతులు కూడా నేలకు ఆనించాల్సి రావచ్చు.

ఇక్కడ ఒక మోసం ఉంది. గీతల అంతరం 20 మీటర్లయితే, 15 మీటర్ల నిలువు బండ రెండు గీతల మధ్య ఇమిడిపోయి అసలు కనబడకపోవచ్చు. అందుకే మ్యాప్‌లో బాట లేని చోట ‘అడ్డంగా దిగిపోదాం’ అనే ప్లాన్ వేయకండి. ఉపగ్రహ చిత్రంలో అదే చోటును చూడండి, నీడ గీతలా కనిపిస్తే బండ అంచు కావచ్చు. ఈ మధ్య ఆ దారిలో నడిచినవాళ్ళ జీపీఎస్ ట్రాక్ దొరికితే మరీ మంచిది. కానీ ఆ ట్రాక్ చెప్పే మొత్తం ఎక్కుడును నమ్మకండి. జీపీఎస్ ఎత్తు పది మీటర్లు అటూ ఇటూ ఊగుతుంటుంది, ఆ ఊగుళ్ళన్నీ కూడుకుని అంకె పెరిగిపోతుంది. కంటూరు గీతలు లెక్కపెట్టి మీ అంకె మీరే తేల్చుకోండి.

అడవిలోంచి వెళ్ళే దారి అయితే అనుమతి కావాలా, ఏ నెలల్లో మూసి ఉంచుతారు అన్నది ఈ దశలోనే కనుక్కోండి. పొలాల గుండా వెళ్ళేదైతే దారి ఎవరిదో కూడా.

ఏ వైపు నుంచి తిరగాలి

చుట్టు దారిని రెండు వైపుల నుంచీ తిరగొచ్చు. రెండూ ఒకటి కావు. బండలు పట్టుకుని పాకాల్సిన చోటు ఉంటే అది ఎక్కేటప్పుడు వచ్చేలా చూసుకోండి. ఎక్కేటప్పుడు పట్టు కళ్ళ ముందే ఉంటుంది. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నారో మీకే కనబడదు. వదులు రాళ్ళున్న నిటారు వాలు కూడా అంతే, అలసిన మోకాళ్ళతో సాయంత్రం దిగే చోటుగా దాన్ని పెట్టుకోకండి. రోజులో చివరి దిగుడు పొడవుగా ఉన్నా ఫరవాలేదు, మెత్తగా, స్పష్టమైన బాట మీద ఉండాలి.

బయటపడే దారులు తక్కువగా ఉన్న భాగం ఉదయం పూట రావాలి, దారులు ఎక్కువున్న భాగం మధ్యాహ్నానికి మిగలాలి. తూర్పు వాలుకు ఉదయపు ఎండ నేరుగా కొడుతుంది కాబట్టి, వేడి రోజుల్లో పొద్దున్నే పడమటి వాలు నీడలో ఎక్కడం సుఖం. రిడ్జ్ మీద గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కుదిరితే సంతోషం. ఇవన్నీ ఒకేసారి కుదరవు. కుదరనప్పుడు బండలకు మొదటి ఓటు, బయటపడే దారులకు రెండోది, ఎండకూ గాలికీ ఆఖరుది వేయండి.

గంటల లెక్క

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పారు. నేటి కొలతల్లో అది ఇంచుమించు ఇలా ఉంటుంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అంటే 100 మీటర్లు ఎక్కడానికి 10 నిమిషాలు. ఇది గట్టిగా నడిచేవాళ్ళ లెక్క, ఆగడం తినడం ఇందులో లేవు. బరువు మోస్తూ నడిచే మామూలు గుంపుకు గంటకు 4 కిలోమీటర్లు వేసుకోండి, ఎక్కుడు లెక్క అలాగే ఉంచండి. 12 డిగ్రీలు దాటిన నిటారు దిగుడుకు ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపండి.

మొత్తానికి ఒక్క అంకె తీసి ఊరుకుంటే ఉపయోగం లేదు. దారిని ముక్కలు చేసి రాసుకోవాలి. పైన అనుకున్న కొండలే తీసుకుని, దారి పొడవు 22 కిలోమీటర్లు అనుకుంటే:

బయల్దేరే చోటు నుంచి ఒకటో శిఖరం: 5 కి.మీ., ఎక్కుడు 520 మీ. – 2 గం. 7 ని.
ఒకటో కనుమ: 2.5 కి.మీ., దిగుడు 260 మీ. – 38 ని.
రెండో శిఖరం: 2.5 కి.మీ., ఎక్కుడు 350 మీ. – 1 గం. 13 ని.
రెండో కనుమ: 3 కి.మీ., దిగుడు 430 మీ. – 45 ని.
మూడో శిఖరం: 3 కి.మీ., ఎక్కుడు 390 మీ. – 1 గం. 24 ని.
తిరిగి కిందికి: 6 కి.మీ., దిగుడు 570 మీ., మధ్యలో నిటారు (దిగుడంతా నిటారే అనుకుని లెక్కేస్తే) – 1 గం. 49 ని.

నడక 7 గంటల 56 నిమిషాలు. ఒకటో, మూడో శిఖరాల మీద 15 నిమిషాల చొప్పున, రెండోదాని మీద తిండికి అరగంట. మొత్తం దాదాపు 9 గంటలు. ఉదయం 6కు బయల్దేరితే ఒకటో శిఖరం 8:07, ఒకటో కనుమ 9:00, రెండో శిఖరం 10:13, రెండో కనుమ 11:28, మూడో శిఖరం 12:52, కిందికి 2:56. నిమిషాలతో సహా రాయడం చూసి నవ్వొచ్చు. కానీ రెండో శిఖరానికి 10:13 బదులు 11:00 అయిందంటే ముప్పావు గంట వెనకబడ్డారని అక్కడే తెలుస్తుంది. ‘కొంచెం లేటయింది’ అనుకుంటూ నడిస్తే ఆ కొంచెం ఎంతో సాయంత్రం దాకా తెలియదు.

గడువు రాసుకోవడం

ఇప్పుడు లెక్కను వెనక నుంచి చేయండి. సూర్యాస్తమయం 6 గంటలకు అయితే, కిందికి చేరేది 4:30 దాటకూడదని పెట్టుకోండి. ఆ గంటన్నర చీలమండ బెణికితే కుంటుతూ దిగడానికి. రెండో కనుమ నుంచి మూడో శిఖరం మీదుగా కిందికి 3 గంటల 28 నిమిషాలు. 4:30 లోంచి అది తీసేస్తే 1:02. కాబట్టి రెండో కనుమకు మధ్యాహ్నం 1 గంట లోపు చేరకపోతే మూడో శిఖరం లేదు, కనుమ నుంచే దిగిపోవాలి. ప్రతి కనుమకూ ఇలాంటి గడువు ఒకటి వేసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి.

గడువును ఇంట్లోనే ఎందుకు వేయాలంటే, కనుమలో నిలబడ్డప్పుడు లెక్క సరిగ్గా సాగదు. చెమట, ఆకలి, ఎదురుగా కనిపించే శిఖరం, ఇంత దూరం వచ్చామన్న పట్టుదల. అప్పుడు ఎవరో ఒకరు ‘ఇంకో అరగంటేగా’ అంటారు. పైగా చాలా శిఖరాలకు ముందు ఒక దొంగ శిఖరం ఉంటుంది: కింది నుంచి చూస్తే అదే కొస అనిపిస్తుంది, ఎక్కాక వెనకాల ఇంకోటి లేస్తుంది. మ్యాప్ మీద వాటిని ముందే చుక్క పెట్టి ఉంచితే మనసు అంతగా కుంగదు.

గడువుతో పాటు బయటపడే దారి కూడా రాసుకోవాలి. ప్రతి కనుమ నుంచి ఏ బాట, ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు లేదా ఊరు చేరుతుంది, అక్కడి నుంచి బండి దొరుకుతుందా. కొండకు అటు పక్క దిగితే ప్రాణం దక్కుతుంది గానీ, మీ బండి ఇటు పక్క 30 కిలోమీటర్ల దూరంలో ఉండిపోతుంది. బయటపడే దారి లేని శిఖరం ఉంటే, వాతావరణం అనుమానంగా ఉన్న రోజు దాన్ని జాబితాలోంచి తీసేయండి.

వాతావరణం

కింద ఊరి వాతావరణ సూచన చూసి బయల్దేరడం మామూలుగా జరిగే తప్పు. ఎత్తు పెరిగేకొద్దీ సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. మన ఉదాహరణలో తేడా నాలుగు డిగ్రీలే, కానీ రిడ్జ్ మీద గాలి కింద కన్నా చాలా గట్టిగా ఉంటుంది. తడిసిన బట్టల మీద ఆ గాలి తగిలితే నాలుగు డిగ్రీలు పదిలా పనిచేస్తాయి. అందుకే ఎండ కాసే రోజున కూడా పలచటి విండ్‌చీటర్ సంచిలో ఉండాలి.

వేడి నెలల్లో ఉరుముల మబ్బు సాధారణంగా మధ్యాహ్నం తర్వాత లేస్తుంది. ఉదయం 6కే బయల్దేరమనడానికి చీకటి ఒక కారణమైతే ఇది ఇంకొకటి. తెల్లటి మబ్బు కాలీఫ్లవర్‌లా పైపైకి పెరుగుతోందంటే, ఉరుము వినపడేదాకా ఆగకుండా రిడ్జ్ దిగడం మొదలుపెట్టండి. ఉరుము వినపడిందంటే ఇప్పటికే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే. శిఖరం, రిడ్జ్, ఒంటరి చెట్టు, గుహ మూతి, వేలాడే బండ కింద చోటు, ఇవన్నీ వదలండి. గుంపును దూరం దూరంగా చెదరగొట్టండి, లోహపు నడక కర్రలు పక్కన పడేయండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్ళీ పైకి.

నీళ్ళు, తిండి

చల్లటి రోజున గంటకు అర లీటరు, ఎండ రోజున ముప్పావు నుంచి లీటరు. 9 గంటలకు నాలుగున్నర లీటర్లంటే నాలుగున్నర కిలోలు. అంత మోయలేకపోతే మధ్యలో నింపుకునే చోటు వెతకాలి. కనుమలో నీళ్ళుంటాయని ఊహించుకోవద్దు. ఊట సాధారణంగా కనుమకు కొంత కిందనే పుడుతుంది, ఎండాకాలంలో ఇంకా కిందికి జారిపోతుంది. అంటే నీళ్ళ కోసం 80 మీటర్లు దిగి మళ్ళీ ఎక్కాలి, ఆ సమయమూ లెక్కలో వేయండి. వాగు నీళ్ళయితే ఒక నిమిషం తెర్లేలా కాచండి, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. క్లోరిన్ బిళ్ళలైతే ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆగండి, బురద నీళ్ళను ముందు గుడ్డతో వడకట్టండి.

ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, అయోమయం మొదలవుతాయి. చూసేవాళ్ళు దాహమనుకుని ఇంకా తాగిస్తారు. రెండు లీటర్లకు ఒకటైనా ఓఆర్‌ఎస్ కలిపింది ఉండాలి, లేదా ఉప్పు తగిలిన తిండి నీళ్ళతో పాటు తినాలి. తిండి ఒకేసారి కడుపు నిండా కాకుండా గంటకోసారి గుప్పెడు, గంటకు 200 కెలరీలు పైబడి. నడుస్తూ తీసుకోగలిగేలా జేబులో ఉండాలి. సంచి అడుగున ఉన్న తిండిని ఎవరూ టైముకి తినరు.

కాళ్ళు

కొత్త బూట్లతో ఈ నడకకు వెళ్ళొద్దు, కనీసం 50 కిలోమీటర్లు వాటితో నడిచి ఉండాలి. బొటనవేలికీ బూటు ముందు భాగానికీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. గోళ్ళు రెండు మూడు రోజుల ముందు కత్తిరించుకోండి. కాటన్ సాక్సు చెమట పట్టి ఉంచుకుంటాయి, తడి చర్మం తొందరగా రాసుకుపోతుంది. ఉన్ని లేదా సింథటిక్ వాడండి, ఒక జత అదనంగా పెట్టుకోండి.

బొబ్బ ఉన్నట్టుండి రాదు. ముందు మడమ మీద ఒక చోట వెచ్చగా, చిరుమంటగా అనిపిస్తుంది. ఆగాల్సింది అప్పుడే. ‘శిఖరం చేరాక చూద్దాం’ అంటే శిఖరం దగ్గర నీటి బొబ్బ, కనుమ దగ్గర చిట్లిన చర్మం. బూటు, సాక్సు విప్పండి. కాలు పూర్తిగా తుడిచి ఒక నిమిషం గాలికి ఆరనివ్వండి. ఎర్రబడ్డ చోటుకు చుట్టూ వేలి వెడల్పు ఎక్కువుండేలా జింక్ ఆక్సైడ్ టేపు ముక్క కత్తిరించండి, మూలలు గుండ్రంగా చేయండి, చదరపు మూలలైతే సాక్సుకు తగిలి లేస్తాయి. ముడత పడకుండా మధ్య నుంచి అంచులకు అదిమి అతికించండి. సాక్సు మడతలు సరిచేసి, మడమ వెనక్కి ఆనేలా నేలకు రెండుసార్లు కొట్టి, అప్పుడు లేసు బిగించండి. అయిదు నిమిషాల పని. దిగుడు మొదలయ్యే ప్రతి చోటా చీలమండ దగ్గర లేసును ఇంకొంచెం బిగించడం అలవాటు చేసుకోండి.

నడక కర్రలు రెండు ఉంటే మోకాళ్ళ భారం తగ్గుతుంది. సమనేల మీద మోచేయి లంబకోణంలో ఉండాలి. దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచండి.

సంచిలో ఏముండాలి

జాబితా పెద్దదే అవుతుంది కానీ, వదిలేస్తే నిజంగా చిక్కుల్లో పడేసేవి ఇవి: ప్లాస్టిక్ కవర్లో మ్యాప్, దిక్సూచి, గడువుల కాగితం, కొత్త బ్యాటరీలున్న హెడ్‌ల్యాంప్, విజిల్, వాన జాకెట్, వెచ్చటి పొర ఒకటి, రేకు దుప్పటి, టేపు, క్రేప్ బ్యాండేజ్, ఓఆర్‌ఎస్, మీ సొంత మందులు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. హెడ్‌ల్యాంప్ పగటి నడకకే అయినా తప్పదు. ఫోను టార్చ్‌తో నడిస్తే ఒక చెయ్యి పోతుంది, బ్యాటరీ కూడా.

ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. సిగ్నల్ కోసం వెతుకుతూ ఉంటేనే బ్యాటరీ కరిగిపోయేది. దిక్సూచి వాడటం రాకపోతే సంచిలో అది బరువే, ముందు ఊరి పక్క గుట్ట మీద నేర్చుకోండి. సూది చూపే ఉత్తరానికీ మ్యాప్ ఉత్తరానికీ ఎన్ని డిగ్రీల తేడానో మ్యాప్ అంచున ఉంటుంది. పాత మ్యాప్ అయితే ఆ తేడా ఇప్పటికి మారి ఉండొచ్చు.

ఎనిమిది వారాల ముందు నుంచి

ఈ నడకకు కావలసింది దిగుడు తట్టుకునే తొడలు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపుతుంది. అలవాటు లేకపోతే మర్నాడే కాదు, అదే రోజు మూడో దిగుడులోనే కాళ్ళు వణుకుతాయి. కాబట్టి మెట్లు ఎక్కి లిఫ్టులో దిగే సాధన పనికిరాదు, నడిచే దిగాలి. ఒక అంతస్తు 3 మీటర్లనుకుంటే 33 అంతస్తులు 100 మీటర్లు. వారానికి రెండుసార్లు మెట్లు, ఒకసారి పొడవాటి నడక, నెమ్మదిగా సంచి బరువు పెంచుతూ. రెండు వారాల ముందు ప్లాన్‌లోని ఎక్కుడులో మూడింట రెండొంతులు, అంటే సుమారు 840 మీటర్లు, అదే బూట్లతో అదే సంచితో ఎక్కి దిగండి. చివరి వారం తగ్గించేయండి.

ఆ రోజు

మొదటి అరగంట కావాలనే నెమ్మదిగా నడవండి. ఎక్కేటప్పుడు పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, ముక్కలు ముక్కలుగా వస్తోందంటే వేగం ఎక్కువైనట్టు. గుంపులో అందరికన్నా నెమ్మదైనవాళ్ళు ముందు నుంచి రెండో స్థానంలో ఉండాలి. వెనక ఉంచితే, ముందువాళ్ళు ఆగి సేదదీరి, వాళ్ళు చేరగానే లేచి వెళ్ళిపోతారు. విశ్రాంతి కావలసినవాళ్ళకే అది దొరకదు. దారి తెలిసినవాళ్ళు ఒకరు చివర ఉండాలి.

పొగమంచు కమ్మి దారి తప్పారనిపిస్తే ముందు ఆగండి. ఖచ్చితంగా తెలిసిన ఆఖరి చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. వాగు వెంట దిగితే ఊరొస్తుందనే మాట కొండల్లో ప్రమాదం, నిటారు కొండల మీద వాగు బండ అంచు నుంచి జలపాతమై పడొచ్చు. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు విజిల్ వేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ అలాగే. రాత్రయితే టార్చ్‌తో అదే లెక్క. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది. జవాబు వచ్చినా ఆపకండి, వాళ్ళు మీ దగ్గరికి చేరాలంటే చప్పుడు వినపడుతూనే ఉండాలి.

పాము కాటుకు కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రకు ఆనించి, ఆ మనిషిని నడిపించకుండా వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. ఎండకు అయోమయంగా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.

బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో ఒకరికి దారి, గుంపులో ఎవరెవరు, బండి ఎక్కడ ఆపుతున్నారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నీ రాసివ్వాలి. మన ఉదాహరణలో 3 గంటలకు దిగుతారు, 4:30 ఆఖరు, 6:30 దాకా కబురు లేకపోతే సహాయానికి ఫోన్. కిందికి దిగాక బూట్లు విప్పకముందే వాళ్ళకు ఫోన్ చేయండి. తర్వాత గడువుల కాగితం తీసి, ప్రతి ముక్క పక్కన నిజంగా పట్టిన సమయం రాయండి. తర్వాతి నడకకు గంటకు 4 కిలోమీటర్లు వేసుకోవాలా మూడున్నరా అన్నది ఆ అంకెలను బట్టే.